నీటి మాటు

అడవి యంచున నొక సిమెంటు తొట్టినో రాతి గిన్నెనో నిలిపి, దాని కభిముఖముగ ఆకుపచ్చని గుడ్డతో మాటొకటి కట్టి, ఆ గుడ్డకు చేసిన కంతలగుండ కెమెరాలను గురిపెట్టి కూర్చుండుట యిటీవల పక్షుల ఫొటోలు తీయువారిలో సర్వసామాన్యమైన యాచారమైనది. ఉత్తరాఖండములోని సాత్‌తాల్, కర్ణాటకములోని గణేశగుడి, కేరళములోని తట్టేకాడు ఇందుకు పేరువడసిన తావులు. హైదరాబాదునుండి సెలవులలో అచ్చోట్లకు పోవు మిత్రులు మాటులో చోటుకు అద్దె చెల్లించి, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చుండి వత్తురు. దీనిని తప్పుపట్టినవారికి సిద్ధముగ నున్న సమాధాన మొక్కటే: "మేము పురుగులను ఎరవేయుట లేదు, గూళ్లను కదపుట లేదు, రికార్డు చేసిన కూతలు వినిపించి మోసపుచ్చుట లేదు, దప్పిగొన్న ప్రాణికి గుక్కెడు నీళ్లు పోయుచున్నాము." ఈ మాట వినుట కెంత యింపుగ నుండునో విచారించినకొలది అంత డొల్లగ తోచును.

మొదట ఆ దప్పిక సంగతియే చూతము. సాత్‌తాల్ అనగా సరస్సుల సముదాయము. తట్టేకాడు పెరియారు నదీతీరమున నున్నది. సలీం అలీ పండితుడు దక్షిణాపథమున పక్షిసంపదకు దీనికి మించిన చోటు లేదని మెచ్చుకొనగా, 1983లో అభయారణ్యమైనది. గణేశగుడి కాళీనది యొడ్డున, సుపా జలాశయమునకు అతిసమీపమున నున్నది. నదులు, సరస్సులు, జలాశయములు చెంతనుండగా, అదియును ఫొటోలవారి రద్దీ హెచ్చుగనుండు చలికాలమున, అచ్చటి పిట్టలు దాహముతో అలమటించుచున్నవని నమ్ముట యెట్లు? దప్పికయే ప్రేరకమైనచో ఈ తొట్లు మొదట వెలయవలసినది అనంతపురపు మెట్టలలో, వైశాఖజ్యేష్ఠములలో, కెమెరా వెండి గిన్నెవలె కాలుచుండగా ఎవ్వరును మాటులో కూర్చుండలేని దినములలో. పిట్ట తొట్టికి వచ్చుటకు కారణము దాహాతిశయము కాదు. అదరు బెదరులేక నిలువదగిన లోతులేని నీరు, పైనుండి వ్రేలాడదీసిన డబ్బానుండి పడు బొట్ల చప్పుడు, ఆ బొట్లు లేపు అలల తళుకు. ఇది ఆకర్షణ. దానిని దానమనుట తగదు.

చలివేంద్రము పెట్టువాడు బాటసారి యలసి నిలుచు చెట్టునీడ యెక్కడనో చూచి అక్కడ కుండలు దించును. కెమెరాకొఱకు తొట్టి పెట్టువాడో, వెలుతురు ఏ వైపునుండి పడునో, ఫొటోలో వెనుకదిక్కు పచ్చగ మెత్తగ కలసిపోవుటకు ఎన్ని బారల ఖాళీ కావలెనో లెక్కించుకొని, ఆ ఖాళీకై పొదలను నఱికించి, నాచుపట్టిన కొమ్మ నొకదానిని తానే తెచ్చి పాతును. తోకపిగిలిపిట్ట స్నానమాడుట దగ్గఱనుండి చూచినవారికి ఇందలి కీడు తెలియును. అది తొట్టి యంచున నిలువదు. కొమ్మనుండి జాఱి రొమ్ముతో నీటిని తాకి, తాకినంతనే పైకి లేచి, మరల దూకును. ఇట్లు కొన్ని మునుకలైన పిమ్మట, ఆ పొడవైన తోకయీకెలు తడిసి ఒండొంటి నంటుకొనగా, ఎగురుట బరువై, చాటైన కొమ్మ వెదకికొని చాలసేపు ఈకలు దువ్వుకొనును. పిట్ట బ్రతుకులో డేగకు మిక్కిలి సులువుగ చిక్కు సమయమిది. అప్పుడు దానికి శరణ్యము రెండు బారల దూరములోని ముండ్లపొదయే. ఆ పొద, ఫొటోకు అడ్డమని, అంతకుముందే పోయినది.

నీరు నిరపాయమనువారికి ఇంగ్లండు దేశపు ముచ్చట యొకటి చెప్పవలెను. పెరటిపిట్టలకు మేతబల్లలు, నీటితొట్లు పెట్టు దయాళువులు అచ్చట లక్షలకొలది కలరు. 2005లో అచ్చటి గ్రీన్‌ఫించ్ పిట్టలలో ట్రైకొమొనాస్ అను సూక్ష్మజీవివలన కలుగు గొంతుజబ్బు బయటపడి మరుసటి యేడు ప్రబలెను. గొంతు పూడి మేత దిగక పిట్ట కృశించి చచ్చును. ఎంగిలి సోకిన మేత, నీరు దీనికి వాహకములు. ఒకప్పుడు తోటతోటలో కనబడిన ఆ పిట్ట 2021 నాటికి ఆ దేశపు ఆపన్నజాతుల జాబితా కెక్కినది. ఈ సూక్ష్మజీవి పావురములకు, గువ్వలకు చిరపరిచితము. మన తొట్టికి మొదట దిగు అతిథులలో గువ్వలును కలవు. ఎండాకాలపు వాగులో మిగిలిన మడుగునొద్దను పక్షులు మూగవా యందురేమో. మూగును, నిజమే. అయినను అరచేతి లోతు తొట్టిలో ఒకే యంచున ఒకదాని ఎంగిలి నొకటి త్రాగుట వేఱు, మడుగు చుట్టును ఎవరి తావు వారు చూచుకొనుట వేఱు. ఆ తొట్టిని దినదినము తోమి కడుగువా రెందఱు?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయోద్యానమున జరిగినది మృగముల విషయమే కాని, నీటి మహిమ తెలుపును. మంచి యుద్దేశముతోనే అచ్చట వందలకొలది బోరుబావులు త్రవ్విరి. నీరున్న చోటికి జీబ్రాలు, వానివెంట సింహములు చేరగా, అరుదైన రోన్ అను పెద్దజింకలు 1986లో సుమారు 450 ఉండినవి 1993 నాటికి 45కు దిగజాఱెను. తుదకు ఆ బావులలో పెక్కింటిని అధికారులే మూసివేయించిరి.

మాటును నేను నిందించుట లేదు. ఇంగ్లండున పక్షుల ఫొటోలు తీసిన తొలితరమువారైన కీర్టన్ సోదరులు 1900 ప్రాంతమున బోలుగ చేసిన ఎద్దు బొమ్మలో దూఱి పక్షులున్న పొలములకు పోయి ఫొటోలు తీసిరి. వారు పక్షియున్న చోటికి పోయిరి, పక్షిని తా మున్న చోటికి రప్పింపలేదు. నీటియొద్ద పొంచుట వేటవిద్య. సరయూతీరమున దశరథుడు కుండ మునిగిన చప్పుడునకు బాణమేసినది నీటికి వచ్చు మృగముకొఱకు కాచుకొనియే గదా. కెమెరా ప్రాణము తీయదు, ఒప్పుకొందును. పిట్టవెంట అడవిలో తఱుముకొనిపోవుటకన్న మాటులో కదలక కూర్చుండుట మేలనియు ఒప్పుకొందును. మాటుల అద్దెలతో అచ్చటి పల్లెలలో కొన్ని కుటుంబములు జీవించుచున్నవి. వారి కూడు చెడగొట్టుట నా యభిమతము కాదు. పొదను ఉంచుటకు, తొట్టిని తోముటకు, ఫొటోలవారు రాని దినమునను మంచి ఎండలో నీరు నింపుటకు వారికి హెచ్చుగ కూలి యిచ్చినచో వారికి నష్టమేమి? ఇచ్చుటకు మన మిత్రులకు మనసొప్పునా యనునది వేఱు ప్రశ్న. లక్షల వెల లెన్సు కొనువారు అద్దెయొద్ద బేరమాడుట నే నెఱుగుదును.

సజీవమైన ఎరను నిషేధించిన ఫొటోపోటీలు కలవు. లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియమువారు నడపునది యట్టిదే. మన ప్రదర్శనములలో అంతవఱకు పోనక్కఱలేదు. ఫొటో క్రింద పక్షి పేరు, ఊరి పేరు, లెన్సు కొలత వ్రాయుచున్నారు గదా. వానితోపాటు "మేము పెట్టిన తొట్టియొద్ద తీసినది" అని చేర్చుమనుడు. అది పుణ్యకార్యమే యైనచో ఆ నాలుగు మాటలు వ్రాయుటకు వారికి సంకోచ మెందుకు?