నెయ్యి మానేస్తే నడక వస్తుందా?

నెల క్రితం మా పిన్ని ఫోన్ చేసి, "ఇకనుంచి ముద్దపప్పులో నెయ్యి వేసుకోకు తల్లీ" అంది. రక్తంలో కొవ్వు తగ్గితే నా జబ్బు ముదరదని ఎవరో వాట్సాప్‌లో పంపారట. తొమ్మిదేళ్లుగా నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). చెయ్యి పైకెత్తి బోర్డు మీద రాయలేక లెక్కల టీచరు ఉద్యోగం వదిలేశాను. అంకె కనబడితే అది దేని లెక్క అని అడిగే అలవాటు మాత్రం వదల్లేదు.

పిన్ని మాట ఉత్తిదనను. 2011లో అమెరికాలోని బఫెలో పరిశోధకులు 492 మంది రోగులను పరిశీలించి, చెడ్డ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లలో వైకల్యం కూడా ఎక్కువగా పెరిగిందని తేల్చారు. అయితే ఏది ముందు, ఏది వెనుక? రోజూ బడికి నడిచినన్నాళ్లూ నా ట్రైగ్లిజరైడ్లు 140 దాటలేదు. చేతికర్ర పట్టి ఇంట్లో కూర్చున్న ఏడాదే 210కి చేరాయి. కొవ్వు పెరిగి నడక తగ్గిందా, నడక తగ్గి కొవ్వు పెరిగిందా? పరగడుపున తీసిన ఆ రక్తం చెప్పదు. ఈ జబ్బులో దెబ్బతినేది నరాల మీది మైలిన్ తొడుగు; అందులో ఎక్కువ భాగం కొవ్వే, నిజమే. కానీ మెదడు తన కొలెస్ట్రాల్‌ను తానే తయారుచేసుకుంటుంది; రక్తంలోది లోపలికి దాదాపుగా పోదు.

కొవ్వు తగ్గించే మాత్రతోనూ పరీక్షించి చూశారు. బ్రిటన్‌లో 140 మందితో జరిగిన ప్రయోగంలో సిమ్వాస్టాటిన్ వాడినవాళ్ల మెదడు కుంచించుకుపోయే వేగం సుమారు 43 శాతం తగ్గిందని 2014లో ప్రకటించారు. జబ్బు బయటపడిన కొత్తలో అది చదివి రాత్రంతా నిద్రపోలేదు నేను. ఆ మేలు కూడా కొలెస్ట్రాల్ తగ్గడం వల్ల వచ్చినట్టు లేదని 2019లో మళ్లీ లెక్కకట్టినవాళ్లు అన్నారు. ఆపైన 964 మందితో పెద్ద ప్రయోగం చేశారు. 2024 సెప్టెంబరులో కోపెన్‌హాగన్‌లో ఫలితం చెప్పారు: వైకల్యం నెమ్మదించలేదు.

మొన్న ఒక ల్యాబ్ నుంచి ఫోన్. లిపిడ్ ప్రొఫైల్‌తో "మీ ఎంఎస్ ఎంత ముదిరిందో" చెబుతారట. దొంగ తూకమంటే ఇదే. వందలమంది సగటులో కనిపించిన పోలిక ఒక్క మనిషి జాతకం కాదు.

తోటి రోగులకు ఒకటే మనవి. లిపిడ్ పరీక్ష గుండె కోసం, పక్షవాతం రాకుండా ఉండటం కోసం తప్పకుండా చేయించుకోండి. రిపోర్టు బాగుందని మాత్రం ఎంఎస్ మందు ఆపకండి, ఎంఆర్ఐ వాయిదా వేయకండి. పప్పులో నెయ్యి సంగతంటారా, చెంచాడు వేసుకుంటున్నాను. పిన్నికి చెప్పకండి.