వార్డులో సిస్టరు, క్లాసులో విద్యార్థిని

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదానిని మూడుసార్లు చదివాను. వ్రాసినామెకు 26 ఏళ్లు. ఒక జిల్లా కేంద్రంలో, వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. ఉద్యోగం కాంట్రాక్టు మీద. తండ్రి రిటైరయ్యారు. తమ్ముడు ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉన్నాడు.

"అక్కయ్యగారూ, నాకు ఎం.బి.బి.యస్. చదవాలని ఉంది. ఈ వయస్సులో ఇదేం బుద్ధి అంటోంది మా అమ్మ. సీటంటూ వస్తే నేను పనిచేస్తున్న కాలేజీయే మాకు దగ్గర. కాని అక్కడ అందరూ నన్ను సిస్టరుగా ఎరుగుదురు. రేపు అదే వార్డులో విద్యార్థినిగా నిలబడగలనా? దరఖాస్తు పెట్టమంటారా, మానమంటారా?" అని అడుగుతున్నారు.

ముందు వయస్సు మాట. నీట్ పరీక్షకు పై వయోపరిమితిని 2022లో తీసివేశారు. కాబట్టి చట్టం వైపునుంచి మీ అమ్మగారి అభ్యంతరానికి బలం లేదు. అయితే ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ చదివి, కావలసిన మార్కులు తెచ్చుకుని ఉండాలి. ఆర్ట్సు గ్రూపు చదివి జి.ఎన్.ఎం. చేసిన నర్సులు కూడా ఉన్నారు. అటువంటివారు అన్నిటికంటె ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఇక పోటీ. 2024లో ఈ పరీక్షకు కూర్చున్నవారు 23 లక్షల పైచిలుకు. దేశం మొత్తానికి ఎం.బి.బి.యస్. సీట్లు లక్ష చిల్లర. అందులో ఫీజు అందుబాటులో ఉండే ప్రభుత్వ సీట్లు సుమారు సగం. "నాలుగేళ్లు ఇక్కడే సేవ చేశాను గదా, కాస్త మొగ్గు చూపరా?" అని కొందరికి ఆశ ఉంటుంది. చూపరు. సర్వీసులో ఉన్నవారికి కోటా అనేమాట వినబడేది పి.జి. సీట్ల విషయంలో. 2020లో సుప్రీంకోర్టు రాష్ట్రాలు ఇవ్వవచ్చునన్నది కూడా సర్వీసులో ఉన్న డాక్టర్లకే. ఎం.బి.బి.యస్.కు ర్యాంకు, రిజర్వేషను, స్థానికత చూస్తారు గాని, మీరు ఏ వార్డులో ఎన్ని రాత్రులు మేలుకున్నారో చూడరు.

డబ్బు లెక్క కూడా చెప్పుకోవాలి. చదువు నాలుగున్నర ఏళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ చివరి ఏడాది స్టయిపెండు వచ్చేవరకు చేతికి రాబడి లేదు. రాత్రి డ్యూటీ చేసి పగలు చదువుకుంటానంటే కుదరదు. క్లాసులకు 75 శాతం, ప్రాక్టికల్సుకు 80 శాతం హాజరు ఉండి తీరాలి. వచ్చే ఏడాది సీటు వచ్చిందనుకున్నా మీరు డాక్టరయ్యేసరికి 33 వస్తాయి. ఆ మధ్యలో పెళ్లి మాట కూడా వస్తుంది. అది కూడా ఇప్పుడే ఇంట్లో చర్చించుకోవాలి.

ఇంతకూ ఎందుకు చదవాలనుకుంటున్నారు? ఉత్తరం చివర మీరు ఒక రాత్రి సంగతి వ్రాశారు. ఒక బాలింతకు బి.పి. పడిపోవడం ముందుగా గమనించింది మీరు. కబురు చేస్తే వచ్చిన డాక్టరు "చూద్దాంలే" అని వెళ్లిపోయాడు. తెల్లవారుజామున ఆమెను ఆపరేషను థియేటరుకు పరుగున తీసుకువెళ్లవలసి వచ్చింది. అదృష్టవశాత్తు ప్రాణం దక్కింది. "నా మాట ఎందుకు వినలేదు?" అని మీ బాధ.

ఆ బాధలో రెండు కోరికలు ఉన్నాయి. నా మాట నలుగురూ వినాలన్నది ఒకటి. ఆమెకు ఏమవుతోందో నాకే తెలియాలి, చేయవలసింది నేనే నిర్ణయించాలి అన్నది రెండవది. మొదటిది మాత్రమే అయితే ఎం.బి.బి.యస్. దానికి మందు కాదు. హౌస్ సర్జను మాట పి.జి. వినడు, పి.జి. మాట ప్రొఫెసరు వినడు. ఆ నిచ్చెనకు పై మెట్టు కనబడదు. రెండవది అయితే మాత్రం మీ ఆలోచనను తేలికగా తీసివేయలేను.

ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుగా శిక్షణ పొందింది. నడుము నొప్పివల్ల ఆ పని మానుకుని, రోగుల కుటుంబ సమస్యలు చూసే ఉద్యోగంలో చేరింది. చావుకు దగ్గరపడినవారి నొప్పి తగ్గించడానికి ఏదైనా చేయాలని ఆమె తపన. డాక్టరైతే తప్ప ఆ పని సాగదని ఒక సర్జను సలహా ఇచ్చాడు. 33వ ఏట అదే సెయింట్ థామస్ వైద్య పాఠశాలలో విద్యార్థినిగా చేరి, 1957లో డాక్టరయింది. 1967లో ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఈనాడు ప్రపంచమంతటా సాగుతూన్న ఆ సేవకు మార్గదర్శి అయింది. ఆమెకు కావలసింది పేరు ముందు డాక్టరు అనే మాట కాదు, చేయవలసిన పని.

అయితే, ఆ పనికి మీకు వేరే దారి కూడా ఉంది. ప్రసూతి వార్డు అంటేనే మీకు ప్రాణమైతే, నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2018లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. సాధారణ ప్రసవాలను స్వతంత్రంగా చూసే బాధ్యత వారిది. కాంట్రాక్టు వారిని పంపుతారో లేదో మీ ఆఫీసులో అడగండి. దానిని కాదనుకున్న తర్వాతనే నీట్ పుస్తకాలు కొనండి.

ఇక అదే కాలేజీ సంగతి. మీకు అనుకూలం లేకపోలేదు. ఇల్లు దగ్గర, హాస్టలు ఖర్చు తప్పుతుంది. రక్తం చూస్తే కళ్లు తిరగవు. కాని మొదటి ఏడాది పక్క బెంచీలో 18 ఏళ్ల పిల్లలు ఉంటారు. అనాటమీలో వాళ్లకు వచ్చిన జవాబు మీకు రాకపోవచ్చు. "ఇన్నాళ్లు పనిచేసిందిగా, ఇదీ తెలియదా?" అనేవారు ఉంటారు. ఎవరూ లేని వేళ "సిస్టర్, కాస్త ఈ సెలైను పెట్టివెళ్లు" అని పాత పనికి పిలిచేవారూ ఉంటారు. మిమ్మల్ని అన్నీ తెలిసినదానిగా ఎరిగినవారి ఎదుట "నాకు తెలియదు" అని మామూలుగా అనగలిగితే ఆ కాలేజీలో నిలబడగలరు. అనలేననుకుంటే, బస్సు దూరమైనా వేరే కాలేజీ మేలు. ఆ రాత్రి "చూద్దాంలే" అన్న డాక్టరే రేపు మీకు పాఠం చెప్పవచ్చు. ఆయనకు బుద్ధి చెప్పడానికే అక్కడ చేరాలనిపిస్తే, ఆ కాలేజీ పేరు ఆప్షన్లలో పెట్టకండి.

నా సలహా ఇది. దరఖాస్తు పెట్టండి. ఉద్యోగం మాత్రం ఇప్పుడు మానకండి. డ్యూటీ చేసుకుంటూ ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు వ్రాయండి. అంతకుమించి ఏళ్లు దానికి ధారపోయవద్దు. మీరు కాలేజీలో చేరేనాటికి తమ్ముడి చదువు చివరికి వస్తుంది. అతడు సంపాదించేవరకు ఇల్లు ఎట్లా గడుస్తుందో నాన్నగారితో కాగితం మీద లెక్క వేయించండి. రాజీనామా సీటు ఖాయమైన తర్వాతి మాట.

మీ అమ్మగారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ర్యాంకు వచ్చాక నాకు వ్రాయండి. రాకపోయినా వ్రాయండి.