నాగార్జున యూరియా తయారైన చోట జర్మనీకి అమ్మోనియానా?

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం మనం పడ్డ పాట్లు ఇంకా మరిచిపోలేదు. తెల్లవారక ముందే సొసైటీ ముందు చెప్పులు, ఆధార్ జిరాక్సులు వరుసలో పెట్టి, చెట్టు కింద కూర్చున్నాం. మధ్యాహ్నానికి లారీ వస్తే పాస్‌బుక్కుకు ఒకటో రెండో కట్టలు. కౌలు రైతుకు పాస్‌బుక్కే లేదు కాబట్టి అదీ లేదు. బయట కొట్లో అడిగితే నానో సీసా తీసుకుంటేనే కట్ట ఇస్తామన్నారు. 266 రూపాయల 50 పైసల కట్టకు ఎంత పెట్టామో మన జేబులకు తెలుసు. మిరపకు, పత్తికి, వరికి పైపాటు వేయాల్సిన అదను దాటిపోయాక లారీలు వచ్చి ఏం లాభం?

కొరత ఎందుకొచ్చిందని అడిగితే చైనా ఎగుమతులు ఆపిందన్నారు, ఓడలు ఆలస్యమయ్యాయన్నారు. నిజమే కావచ్చు. దేశంలో యూరియా ఫ్యాక్టరీలు నడిచేది గ్యాస్‌తో. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం ఓడల్లో బయటి నుంచి రావాలి. అది చాలక తయారైన యూరియాను కూడా లక్షల టన్నుల్లో దిగుమతి చేసుకుంటున్నాం. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో మనం బారులు తీరాలి.

గ్యాస్ లేకుండా ఎరువు తయారవుతుందా అంటే అవుతుంది. నీళ్లు, గాలి, కరెంటు ఉంటే చాలు. ఈ సంగతి రైతాంగానికి సరిగ్గా చెప్పిన వాళ్లు లేరు. అందుకే మాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తున్నాం.

హైస్కూల్లో సైన్సు మాస్టారు బ్యాటరీ తీగలు రెండు నీళ్లలో పెట్టి బుడగలు చూపించేవారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్, ఇంకో తీగ దగ్గర ఆక్సిజన్. దీన్నే విద్యుద్విశ్లేషణ అంటారు. ఫ్యాక్టరీలో జరిగేదీ ఇదే. నీళ్లలో పొటాష్ క్షారం కలిపి, రెండు లోహపు పలకల మధ్య డీసీ కరెంటు పంపిస్తారు. అయితే ఆ రెండు వాయువులూ కలిశాయంటే పేలుతుంది. అందుకని పలకల మధ్య ఒక పొర పెడతారు. క్షారంలో ఉండే విద్యుత్ ఆవేశం గల కణాలు, అంటే అయాన్లు, ఆ పొరలోంచి అటూ ఇటూ పోతాయి. గ్యాస్ బుడగ మాత్రం దాటలేదు. జల్లెడలోంచి మిరప గింజ జారిపోయి కాయ పైనే ఉండిపోయినట్టు. పూర్వం ఈ పొర ఆస్బెస్టాస్‌తో చేసేవాళ్లు. ఇప్పుడు జిర్కోనియా అనే పింగాణీ జాతి పొడిని ప్లాస్టిక్‌లో కలిపి చేస్తున్నారు. ఫలానా అయాన్‌ను తప్ప దేన్నీ పోనివ్వని పింగాణీ పొరలు కూడా వచ్చాయి. సోడియాన్ని ఒక్కదాన్నే పోనిచ్చి కాస్టిక్ సోడా చేసే పొరలు అలాంటివే. జిర్కోనియాకు ముడిసరుకైన జిర్కాన్ మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరపు ఇసుకలోనే ఉంది. పేరున్న పొర మాత్రం బెల్జియంలో తయారవుతుంది. ఆ బాధ మరోసారి చెప్పుకుందాం.

ఇలా వచ్చిన హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా. అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు కలిపితే యూరియా.

ఇదేదో నిన్న కనిపెట్టిన వింత కాదు. పంజాబ్‌లోని నంగల్‌లో 1961లోనే ప్రభుత్వ రంగంలో ఎరువుల ఫ్యాక్టరీ పెట్టి, భాక్రా డ్యామ్ కరెంటుతో నీళ్లను చీల్చి, ఆ హైడ్రోజన్‌తో నత్రజని ఎరువు చేశారు. డ్యామ్ ప్రజలది, కరెంటు ప్రజలది, ఎరువు మన దేశపు చేలకు. తర్వాత దాన్ని ఫర్నేస్ ఆయిల్‌కు, ఆ తర్వాత గ్యాస్‌కు మార్చారు. చవక చమురు చూసుకుని చేతిలో ఉన్న పనిని వదిలేశారు. ఇప్పుడు అదే పనికి 'గ్రీన్' అని పేరు తగిలించి, కార్పొరేట్ల చేతికిచ్చి, ప్రపంచంలో ఎవరూ చేయనిది మనం చేస్తున్నామని చెప్పుకుంటున్నారు.

ఇక మన రాష్ట్రం సంగతి. కాకినాడలోని నాగార్జున ఫెర్టిలైజర్స్ 1992లో యూరియా తయారీ మొదలుపెట్టింది. పల్నాడులో నాగార్జున యూరియా కట్ట ఎత్తని రైతు ఉండడు. ఖాళీ సంచులు కుట్టి కళ్లంలో పరదాలుగా పరుచుకున్నాం. ఆ ఫ్యాక్టరీ మూతబడింది. గోదావరి గ్యాస్ పక్కనే ఉన్నా దాన్ని నిలబెట్టే దిక్కు లేకపోయింది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే, గ్రీన్‌కో వ్యవస్థాపకులు పెట్టిన ఏఎం గ్రీన్ కంపెనీ ఏడాదికి 10 లక్షల టన్నుల అమ్మోనియా లక్ష్యంగా ప్లాంటు కడుతోంది. నీళ్లను చీల్చి చేసే అమ్మోనియానే. మంచిదే కదా అనుకుంటాం. ఎవరికి అమ్ముతారో చూడండి. 2022లోనే జర్మనీ కంపెనీ యూనిపర్‌తో ఏటా 2.5 లక్షల టన్నులకు గ్రీన్‌కో అవగాహనకు వచ్చింది. మొదటి దశలో సగం వరకు కొనడానికి నార్వే ఎరువుల కంపెనీ యారా ముందుకొచ్చింది.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1 లక్షా 85 వేల కోట్లు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి మిథనాల్, విమాన ఇంధనం, గ్రీన్ యూరియా చేస్తామన్నారు. ప్రధానంగా ఎగుమతి మార్కెట్ కోసమేనని ఆ ప్రకటనలోనే రాశారు. మళ్లీ చదవండి: గ్రీన్ యూరియా, ఎగుమతి మార్కెట్. మన దేశం యూరియా దిగుమతి చేసుకుంటుంది, మన తీరంలో చేసే యూరియా బయటికి పోతుంది. పైగా చేసేది ప్రభుత్వ రంగ సంస్థ!

మేము ఒక కట్ట లెక్క వేసి చూశాం. 45 కిలోల యూరియాకు సుమారు 26 కిలోల అమ్మోనియా కావాలి. అందులో హైడ్రోజన్ నాలుగున్నర కిలోల పైచిలుకు. దానికి చీల్చాల్సిన నీళ్లు 41 లీటర్లు, అంటే మనం రోజూ తెచ్చుకునే ప్లాంటు నీళ్ల టిన్నులు రెండు. కరెంటు మాత్రం దాదాపు 260 యూనిట్లు. ఐదు హెచ్‌పీ మోటారు రోజుకు తొమ్మిది గంటలు తిరిగితే ఎనిమిది రోజులకు కాలే కరెంటు అది.

ఈ ప్లాంట్లు గోదావరిని తాగేస్తాయని కొందరు మిత్రులు సభల్లో చెబుతున్నారు. ఆ మాటతో మేము ఏకీభవించడం లేదు. 10 లక్షల టన్నుల అమ్మోనియాకు చీల్చాల్సిన నీళ్లు టీఎంసీలో పదో వంతు కూడా కావు. సాగర్ కుడి కాలవ 11 వేల క్యూసెక్కులతో నిండుగా పారితే గంటన్నరలో వచ్చే నీళ్లు. చల్లబరచడానికి, శుద్ధికి దానికి కొన్ని రెట్లు పట్టినా, అసలు దెబ్బ నీళ్ల దగ్గర లేదు. తప్పుడు లెక్కతో కొట్లాడితే మొదటి వాదనకే ఓడిపోతాం. అసలు దెబ్బ కరెంటు దగ్గర, భూమి దగ్గర ఉంది.

10 లక్షల టన్నులకు ఏడాదికి సుమారు వెయ్యి కోట్ల యూనిట్లు కావాలి. ఆ కరెంటు సోలార్ నుంచి, గాలిమరల నుంచి రావాలి. నిల్వకు నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి చోట్ల కొండ మీదికి నీళ్లు ఎక్కించి దించే ప్రాజెక్టులు కావాలి. అంటే రాయలసీమ మెట్ట భూములు, అసైన్డ్ భూములు, గొర్రెలు మేసే బంజర్లు పోవాలి. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ 160 గిగావాట్లు, 10 లక్షల కోట్ల పెట్టుబడులు అంటోంది. సీమలో అయిపోయాక ప్రకాశం, ఆ తర్వాత మన పల్నాడు మెట్ట చేల మీదికి రారని ఎవరు హామీ ఇస్తారు? కేంద్రం 2023లో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు కేటాయించింది. ఈ ప్లాంట్లకు అంతర్‌రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ చార్జీలు 25 ఏళ్లు మాఫీ అన్నది. మనకేమో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే చందాలు వేసుకుని ట్రాక్టర్‌లో మనమే మోసుకుపోవాలి. రైతుకు ఉచిత కరెంటు అనగానే ఖజానాకు భారమని వ్యాసాలు రాసే పెద్దలు ఈ మాఫీల మీద ఒక్క వాక్యం రాయరేం?

మేము ఈ పద్ధతికి వ్యతిరేకం కాదు, గట్టిగా చెబుతున్నాం. విదేశీ గ్యాస్ మీద ఆధారపడకుండా బతికే దారి ఇది. ధర ఎక్కువనే వాదన కూడా పలచబడుతోంది. 2025 జులైలో కేంద్ర సంస్థ సెకీ వేలంలో పారదీప్ ఎరువుల ఫ్యాక్టరీకి కిలో 55 రూపాయల 75 పైసలకు ఇస్తామని కంపెనీ ముందుకొచ్చింది. ఆ లెక్కన ఒక యూరియా కట్టకు పట్టే అమ్మోనియా 1,450 రూపాయలు. మిగతా ఖర్చులు అదనం. సబ్సిడీ లేకుండా ఇది మన చేతికి అందదు, నిజమే. కానీ ఇప్పుడు వాడే గ్యాస్ యూరియా కూడా సబ్సిడీ లేకుండా అందడం లేదు కదా! ఆ సబ్సిడీ డబ్బు గ్యాస్ అమ్మే దేశాలకు పోయే బదులు ఇక్కడే ఉంటుంది. దేశంలోని ఫ్యాక్టరీలకు వేలం పెట్టగలిగినప్పుడు, ఆ వేలం ఎక్కువగా కాంప్లెక్స్ ఎరువుల ఫ్యాక్టరీల దగ్గరే ఎందుకు ఆగింది? యూరియాకు ఎందుకు రాలేదు?

దానికి అధికారులు ఒక జవాబు చెబుతారు. గ్యాస్‌తో చేసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు దానంతట అదే వస్తుంది, నీళ్లతో చేస్తే రాదు, కాబట్టి యూరియా కుదరదు అని. ఈ మాట చెప్పే వాళ్లను ఒకసారి పిడుగురాళ్ల తీసుకురావాలి. సున్నపు బట్టీల మీద రాత్రీ పగలూ లేచే పొగలో ఉన్నదేమిటి? 75 కిలోల సున్నపురాయి కాలిస్తే వచ్చే వాయువు ఒక కట్ట యూరియాకు సరిపోతుంది. పిడుగురాళ్ల నుంచి మాచర్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీల పొగ గొట్టాలు కూడా ఉండనే ఉన్నాయి. దాన్ని పట్టి, శుద్ధి చేయడం ఖర్చుతో కూడిన పనే. అయినా ఆ దుమ్ము మన మిరప ఆకు మీద, మన ఊపిరితిత్తుల్లో పడుతున్నప్పుడు, ఆ వాయువు మన కట్టలోకి వచ్చే దారి ఉందేమో ప్రభుత్వం కనీసం ఒక అధ్యయనమైనా చేయించాలి గదా!

పెద్ద ప్లాంటే ఉండాలన్న నియమం కూడా లేదు. కెన్యాలో నైరోబీ దగ్గర ఒక తోటలో రోజుకు ఒక టన్ను అమ్మోనియా చేసే చిన్న ప్లాంటును 2023లో పెట్టారు. అయితే అమ్మోనియాతో ఆటలొద్దు. 2023 డిసెంబరులో చెన్నై పక్కన ఎన్నూరులో సముద్రంలోని అమ్మోనియా పైపు లీకై ఊళ్లకు ఊళ్లు అర్ధరాత్రి పరుగెత్తాయి. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. బలభద్రపురంలో కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ వస్తోందన్నప్పుడు అక్కడి రైతులు క్లోరిన్‌కు, కాలవ కాలుష్యానికి భయపడి ఏళ్ల తరబడి పోరాడారు. 2022 ఏప్రిల్‌లో అది ప్రారంభమయింది. వాళ్ల భయాన్ని అభివృద్ధి నిరోధం అని ఎగతాళి చేయడం తేలిక. ఊరి పక్కన ఏ ట్యాంకులో ఎంత నిల్వ ఉందో, లీకైతే ఎటు పరుగెత్తాలో ముందే చెప్పడం ఆ ఎగతాళి చేసేవారి బాధ్యత.

కాబట్టి మన సంఘం అడుగుతున్నది ఇది. రాష్ట్ర రాయితీలు, ప్రభుత్వ భూములు తీసుకునే ప్రతి అమ్మోనియా ప్లాంటు నుంచి కనీసం మూడో వంతు ఉత్పత్తి దేశీయ ఎరువుకే పోవాలని ఒప్పందంలో రాయాలి. పూడిమడక యూరియాకు మొదటి హక్కు రాష్ట్రంలోని సహకార సంఘాలది కావాలి. కాకినాడలో యూరియా తయారీని ప్రభుత్వమో, రైతుల సహకార సంస్థో తిరిగి నడపాలి. సోలార్‌కు తీసుకునే భూమికి అమ్మకం కాదు, ఏటా పెరిగే కౌలు ఇవ్వాలి. ఆ భూమిని సాగు చేస్తున్న కౌలు రైతుకూ అందులో వాటా రాయాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ వ్యాసం చదివి వినిపించండి. ఖరీఫ్‌లో ఏ రోజు ఎన్ని కట్టలు దొరికాయో, బయట ఎంత పెట్టి కొన్నారో, కట్టతో పాటు ఏం అంటగట్టారో రైతుల వారీగా రాసి, సంతకాలు, వేలిముద్రలతో మండల కమిటీకి అందజేయండి. పాస్‌బుక్కు లేని కౌలు రైతుల పేర్లు విడి కాగితం మీద రాయండి. కలెక్టర్ గారికి ఇచ్చే వినతిపత్రానికి ఆ కాగితాన్నే పైన పెడతాం.