సిపాయి నుండి అధికారి వరకు

సైన్యంలో సిపాయిగా చేరినవాడు సిపాయిగానే పదవీ విరమణ చేయాలన్న నియమం లేదు. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణుడై, రెండేళ్ళ సర్వీసు పూర్తిచేసిన, 27 ఏళ్ళు మించని జవాను ఎంపిక పరీక్షలలో నెగ్గితే డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కళాశాలలో చేరవచ్చు. అక్కడ మూడేళ్ళు చదివి పట్టభద్రుడై, ఇండియన్ మిలిటరీ అకాడమీలో మరొక ఏడాది శిక్షణ పొందితే అధికారి అవుతాడు.

తుపాకి పట్టిన చేతితో మళ్ళీ పుస్తకం పట్టడం తేలిక కాదు. హోదా కోసమే అయితే అంత శ్రమ వ్యర్థం. 1932లో ఆ అకాడమీ ప్రారంభోత్సవాన ఫిలిప్ చెట్‌వుడ్, అధికారికి దేశక్షేమం మొదటిది, తన సైనికుల క్షేమం రెండవది, స్వసుఖం చివరిది అని ఉద్బోధించాడు. మంచులో రాత్రంతా కాపలా కాసినవానికి ఆ రెండవ ధర్మాన్ని వేరొకరు నేర్పనక్కరలేదు. అట్టి జవాను వెనుకాడక ముందుకు రావాలి. అతనివల్ల సైన్యానికే మేలు.