లిథియం రాసే ముందు తిండి సంగతి అడగాలి

మితిమీరిన ఉద్రేకం (మేనియా), కుంగుబాటు (డిప్రెషన్) మారిమారి వచ్చే బైపోలార్ డిజార్డర్ ఉన్నవారిలో ఈటింగ్ డిజార్డర్లు మామూలు జనంలో కంటే ఎక్కువ. ఆకలి లేకున్నా ఆపుకోలేక తినేసే బింజ్ ఈటింగ్, తిన్నదంతా కావాలని కక్కేసే బులీమియా వీరిలో తరచుగా కనిపిస్తాయి. రెండు జబ్బులూ ఒకరిలోనే ఉన్నప్పుడు ఒకదానికిచ్చే మందు రెండోదాన్ని ముదరబెట్టవచ్చు. కాబట్టి రెండింటినీ ఒకే వైద్యబృందం, ఒకే కేస్ షీట్ మీద చూడాలి. మూడ్‌కు ఒక డాక్టరు, వాంతులకు ఇంకో డాక్టరు, లావుకు మరొకరు అన్న పద్ధతి ఇక్కడ పనికిరాదు, ప్రమాదం కూడా.

ఆ ప్రమాదం లిథియం విషయంలో బాగా తెలుస్తుంది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని గుణం బయటపెట్టాడు. నేడు బైపోలార్‌కు ఇది నమ్మకమైన మందు. ఆత్మహత్యల ముప్పునూ తగ్గిస్తుంది. అయితే రక్తంలో దీని స్థాయి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమయ్యే అవకాశం ఎక్కువ. మూత్రపిండాలు లిథియాన్ని సోడియంలాగే చూస్తాయి. వాంతులతోనో విరేచనాల మాత్రలతోనో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే సోడియంతో పాటు లిథియాన్నీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. మాత్ర పెంచకుండానే రక్తంలో లిథియం స్థాయి పెరిగిపోతుంది. అన్నం మానేసినా, నడివేసవిలో నీళ్లు తాగకుండా ఉపవాసమున్నా, ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని మింగినా ఇదే ముప్పు. మరోవైపు మాత్ర వేసుకున్న కాసేపటికే కక్కేస్తే మందు ఒంటికి పట్టదు, మేనియా తిరగబెట్టవచ్చు.

ఇంకో చిక్కుంది. లిథియం విషమైనప్పుడు మొదట తరచుగా కనిపించేవీ వాంతులు, విరేచనాలే. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కక్కే అమ్మాయి సంగతి ఇంట్లో తెలిసి ఉంటే ‘మళ్లీ మొదలుపెట్టింది’ అనుకుంటారు. తెలియకపోతే గ్యాస్ అనుకుంటారు. చేతుల వణుకు, తూలే నడక, ముద్దగా వచ్చే మాట కూడా తోడైతే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిగతా మందులకూ ఇబ్బందులున్నాయి. ఒలాంజపైన్, వాల్‌ప్రోయేట్ ఆకలినీ బరువునూ పెంచుతాయి. లావవుతామన్న భయమే జబ్బైన మనిషికి ఈ మాట ముందే చెప్పకుండా మందిస్తే, పెళ్లిలో ఎవరో ‘ఒళ్లొచ్చిందే’ అన్న మర్నాడే మాత్రలు ఆగిపోతాయి. ఆ మనిషిని మొండి అనడం అన్యాయం. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువు దృష్ట్యా కూడా తగదు. బులీమియాకు వాడే ఫ్లూఆక్సెటిన్ ఒక్కటే ఇస్తే మేనియా రేగవచ్చు. బ్యుప్రొపియాన్ బులీమియాలో మూర్ఛ తెప్పించవచ్చు కనుక అసలు వాడకూడదు. లామోట్రిజిన్‌తో బరువు దాదాపు పెరగదు. దద్దుర్ల ప్రమాదం ఉన్నందున దాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. మేనియా వచ్చి ఉన్నప్పుడు అది అక్కరకు రాదు.

తిండిలో వచ్చే ప్రతి మార్పునూ ఈటింగ్ డిజార్డర్ అనకూడదు. మేనియాలో భోజనం గుర్తే రాదు, డిప్రెషన్‌లో కొందరు అదేపనిగా తింటారు. మూడ్ కుదుటపడ్డాక కూడా అదే తీరు ఉంటే అప్పుడు రెండో జబ్బని పట్టుకోవాలి. చికిత్సలో ముందు వాంతులతో తగ్గే పొటాషియం, గుండె పరిస్థితి, తర్వాత మూడ్, ఆపైన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఆ థెరపీలో మొదటి మెట్టు మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి, నాలుగు గంటలకు మించని విరామం. వేళకు తిండి, వేళకు నిద్ర బైపోలార్‌కూ మేలే. మా ఊరి పక్కనే ఉన్న జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీల్లో నైట్ షిఫ్టులు చేసేవారికి ఇది కష్టం. అలాంటివారికి పగటి షిఫ్టు కావాలని డాక్టరు రాసివ్వాలి, యాజమాన్యం మన్నించాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది, అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలోనివి ఉచితంగా ఇవ్వాలంది. లిథియం ఆ జాబితాలో ఉంది. కానీ రక్తపరీక్ష లేకుండా లిథియం ఇవ్వడం సగం వైద్యమే. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, అంటే పొద్దున, రక్తం తీయాలి. అందుకోసం మా ఊరు అలియాబాద్ నుంచి జూబ్లీ బస్ స్టేషన్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ప్రతిసారీ పోవడం కూలికెళ్లే ఇంటికి కుదిరే పని కాదు. శామీర్‌పేట ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం తీసి ల్యాబ్‌కు పంపి, లిథియం, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ ఫలితాలను వైద్యుడికి చేర్చే ఏర్పాటు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద చేయాలి. ఓపీలో ప్రతిసారీ బరువు చూడాలి. ‘తిన్నాక కక్కుతున్నావా, విరేచనాల మాత్రలు వేసుకుంటున్నావా’ అని ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టి అడగాలి. అడగనిదే ఎవరూ చెప్పరు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416)లో మాట్లాడేవారు కూడా బైపోలార్ అని తెలిసిన ప్రతివారినీ ఇవే ప్రశ్నలు అడిగి, అవునన్నవారిని రక్తపరీక్షకు పంపాలి.

– ఒక పాఠకురాలు, అలియాబాద్, శామీర్‌పేట మండలం