టెంపరరీ కేబుల్, టెంపరరీ మనిషి

(మన చేతుల పని – 6వ భాగం)



వెల్డింగ్ కేబుల్ గురించి రాయడం ఉద్యమం ఎలా అవుతుందని కొందరు చదువుకున్న మిత్రులు అడుగుతున్నారు. జీడిమెట్లలో, పటాన్‌చెరులో, గాజువాకలో ఆ కేబుల్ చుట్టను భుజాన మోసేది ఎవరో ఒకసారి చూసి రండి. తర్వాత మాట్లాడుకుందాం.

ముందు వస్తువు సంగతి. వెల్డింగ్ కేబుల్ లోపల వెంట్రుకల్లాంటి సన్నటి రాగి తీగలు వందలు, వేలు ఉంటాయి. పైన మెత్తటి రబ్బరు. రోజూ లాగినా, మెలితిప్పినా తెగకూడదని అలా చేశారు. మిషన్ నుంచి హోల్డర్ దాకా, జాబ్ నుంచి తిరిగి మిషన్ దాకా కరెంటు మోయడమే దాని పని. మన దేశంలో దానికి ఐఎస్ 9857 ప్రమాణం ఉంది. అది 100 వోల్టుల లోపు పనికి పుట్టిన కేబుల్. ఫ్యాక్టరీ త్రీఫేజు లైను 415 వోల్టులు!

అయినా జరిగేదేమిటి? కొత్త మిషన్ వస్తుంది. ఆర్మర్డ్ కేబుల్ కొనాలి, గ్లాండ్లు వెయ్యాలి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలవాలి. ఖర్చు. స్టోర్లో వెల్డింగ్ కేబుల్ ముక్క పడి ఉంటుంది. "ఇప్పటికి దీన్ని లాగెయ్, తర్వాత మారుద్దాం" అంటాడు సూపర్‌వైజరు. ఆ "తర్వాత" రెండేళ్ళయినా రాదు. ప్యానెల్‌లోని స్క్రూ టెర్మినల్ బిరుసు తీగకు తగ్గట్టు చేసింది. సన్నపోగులు దాని కింద చెదిరిపోతాయి, పట్టు సడలుతుంది, వేడెక్కుతుంది. ఒక్కోచోట కన్నంలో పట్టడం లేదని సగం పోగులు కత్తిరించేస్తారు కూడా. సన్నపోగులకని చేసిన లగ్గు తెచ్చి క్రింపింగ్ చేయిస్తే ఎంత పోతుంది?

వెల్డింగ్ కేబుల్ శాశ్వతంగా వెయ్యకూడదని నేననడం లేదు. మిషన్ ఒకచోట, వెల్డింగ్ బూత్ ఇంకోచోట స్థిరంగా ఉంటే వెయ్యొచ్చు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ 630వ ఆర్టికల్ ఎలా వెయ్యాలో రాసిపెట్టింది: దాని ట్రే దానికే, ప్రతి 15 సెంటీమీటర్లకూ ఆధారం, ప్రతి 6 మీటర్లకూ "ఇది వెల్డింగ్ కేబుళ్ళకు మాత్రమే" అని బోర్డు. మన షెడ్లలో అదే కేబుల్ నేలమీద, నీళ్ళలో, ట్రాలీ చక్రాల కింద.

సైజు ఎంచుకోవడంలోనూ మోసముంది. కేటలాగులో 300 ఆంపియర్లు అని ఉంటే ఎంత డ్యూటీ సైకిల్‌కో చూడండి. 60 శాతానికైతే, ఆగకుండా మోయగలిగేది సుమారు 230 మాత్రమే. ఇక దూరం. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో 300 ఆంపియర్లు రానూపోనూ 60 మీటర్లు నడిస్తే దాదాపు నాలుగున్నర వోల్టులు దారిలోనే పోతాయి. దూరం పెరిగితే మందం పెంచాలి. పెంచరు. ఆర్క్ సరిగా నిలబడకపోతే మాత్రం వెల్డర్‌కి పని రాదంటారు.

రిటర్న్ కేబుల్ డబ్బూ మిగుల్చుకుంటారు. క్లాంపు తెచ్చి షెడ్డు స్తంభానికి తగిలిస్తారు. ఆ కరెంటు క్రేను తాడు గుండా, బేరింగుల గుండా, పక్కవాడి గ్రైండర్ ఎర్త్ వైరు గుండా దారి వెతుక్కుంటుంది. చిరిగిన రబ్బరుకు టేపు చుడతారు. మామూలు ఏసీ మిషన్ ఖాళీ వోల్టేజీ 80 దాకా ఉండొచ్చు. చెమటతో తడిసి ఇనుప ట్యాంకులో కూర్చున్న మనిషికి అది చాలు. అందుకే అలాంటి చోట్లకు అంతర్జాతీయ ప్రమాణం ఏసీ 48 వోల్టులు దాటొద్దంది.

ప్రమాదం జరిగాక వచ్చే మాట మీకు తెలిసిందే: "కార్మికుడి నిర్లక్ష్యం." కేబుల్ ఎంచింది వాడా? ఇండెంట్ మీద సంతకం పెట్టింది వాడా? ఏళ్ళ తరబడి అదే షెడ్డులో పనిచేసినా రిజిస్టర్లో వాడు టెంపరరీ. తాత్కాలికం పేరుతో మనిషినీ, కేబుల్నీ శాశ్వతంగా వాడుకునే లెక్క ఒక్కటే. తగలబడేది మాత్రం మన పేట నుంచి వెళ్ళిన ఐటీఐ పిల్లవాడు, ఒడిశా, బీహార్ల నుంచి వచ్చిన వలస కూలీ.

1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. కార్మికులతో పాటు కరెంటు వ్యవహారాలూ ఆయన శాఖలోనే ఉండేవి. ఆయన బల్ల మీద రెండూ ఒకే ఫైలు వరసలో ఉండగా, మనం కేబుల్‌ని ఇంజనీర్లకు వదిలేసి ఆత్మగౌరవం గురించి మాత్రమే మాట్లాడుకుందామా?

కనుక ఐటీఐ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు షెడ్డుకు వెళ్ళినప్పుడు కేబుల్ ఒంటిమీద అచ్చేసింది చదవండి. ప్యానెల్లోకి వెల్డింగ్ కేబుల్ దూరి ఉంటే చెయ్యి పెట్టకండి, ఫొటో తీసి తేదీ రాసుకోండి. మీ ఒక్కరి సంతకంతో కాదు, పదిమంది సంతకాలతో కాగితం ఇవ్వండి. ప్రధాన యజమానికి, కాంట్రాక్టరుకు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఒక్కో కాపీ. రసీదు మీ దగ్గరే ఉంచుకోండి.

వచ్చే భాగం: ట్యాంకు లోపలికి ఎవరిని దింపుతారు?