క్వాంటం పేరిట కల్తీ వేదాంతం



మొన్న మారేడుపల్లిలో ఒక ఉపన్యాసం విన్నాను. మనస్సు క్వాంటం యంత్రమని శాస్త్రజ్ఞులు నిరూపించారనీ, ఆ మర్మమెరిగితే పిల్లలకు చదవకుండానే పాఠాలు వస్తాయనీ వక్త ఉద్ఘాటించారు. చివరకు శిక్షణ రుసుము పత్రాలు పంచారు. ముప్పయ్యేళ్లు పిల్లలచేత పద్యాలు వల్లె వేయించిన నాకు మౌనం వహించడం సాధ్యం కాలేదు.

ఇంతకూ ఆ శాస్త్రజ్ఞులన్నదేమిటి? 1997లో అమెరికాలో గాలప్ సంస్థ క్లింటన్, గోర్ నిజాయతీపరులేనా అని ప్రజలను అడిగింది. క్లింటన్‌ను గూర్చి ముందు అడిగినప్పుడు ఆయనకు 50 శాతం, గోర్‌కు 68 శాతం ఔనన్నారు. వరుస తిరగవేసినప్పుడు గోర్‌కు 60, క్లింటన్‌కు 57. అంటే మొదటి ప్రశ్నే రెండవదాని జవాబును మార్చింది. సూక్ష్మకణాల కొలతలలోనూ ఏది ముందు, ఏది వెనుక అన్నదానినిబట్టి ఫలితం మారుతుంది. కనుక ఆ గణితాన్నే బుసెమేయర్ ప్రభృతులు ఇక్కడా ప్రయోగించారు. 70 జాతీయ సర్వేలను పరిశీలించి, ఆ గణితం ముందుగా చెప్పిన సమానత్వం వాటిలో చాలావరకు కనిపించిందని 2014లో ప్రకటించారు. ఇది శ్లాఘనీయమైన కృషి.

అయితే వారు ఎరువు తెచ్చుకొన్నది గణితాన్ని మాత్రమే. మెదడు క్వాంటం యంత్రమని వారు అనలేదు. ఆ వాదం తమది కాదని స్పష్టంగా వ్రాసుకొన్నారు. పైగా మెదడులో క్వాంటం స్థితి సెకనులో లక్ష కోట్లవ వంతు లోపే చెదరిపోతుందని 2000లో టెగ్‌మార్క్ లెక్కకట్టారు. నాడీకణం స్పందించడానికి సెకనులో వెయ్యవ వంతైనా పడుతుంది. ఆ లెక్కను కాదన్నవారూ ఉన్నారు. తేలని వివాదాన్ని "నిరూపితం" అనడం అసత్యం కాదా?

"ఇదంతా మన ఉపనిషత్తులలో ఉన్నదే గదా!" అనే మిత్రులకు ఒక మాట. ష్రోడింగర్ వేదాంతాన్ని అభిమానించిన మాట నిజమే. అభిమానం వేరు, ప్రమాణం వేరు. ఉపనిషత్తుకు భౌతికశాస్త్రం యోగ్యతాపత్రం అక్కరలేదు.

ముఖం చంద్రునివలె ఉన్నదంటే ఉపమ. చంద్రుడే అనుకొని చకోరం వచ్చి వ్రాలితే భ్రాంతిమదలంకారం. బుసెమేయర్‌ది ఉపమ, మన వక్తది భ్రాంతి. కావ్యంలో భ్రాంతి శోభిస్తుంది. దానికి రుసుము వసూలు చేస్తే వంచన అవుతుంది.

మీ పేటలో ఇటువంటి సభ జరిగితే దయచేసి లేచి అడగండి: ఏ పరిశోధన? ఏ సంవత్సరం? అందులో ఉన్నదేమిటి? పిల్లవాడికి మాత్రం పాఠం మరొక్కసారి చదివించండి.